డెబ్బై మూడో పేజీ

ముందు బొమ్మలు తీసేశాడు. తరువాత పట్టికలు, కృతజ్ఞతలు, చివర్న పదకొండు పేజీల పుస్తకాల జాబితా. నూట తొంభై పేజీల రిపోర్టు పదిన్నరకల్లా నలభైకి వచ్చింది. పన్నెండుకి నాలుగవుతుంది, భోజనం వేళకి ఒకటవుతుంది. విద్యాశాఖ పరిశోధన విభాగంలో, కిటికీ పక్క బల్ల దగ్గర, ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆయన చేస్తున్నది ఇదే. పెద్ద చదువులవాళ్ళు బడుల చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగి రాసినదాన్ని డైరెక్టరు గారి కాఫీ చల్లారేలోగా చదివేలా కుదించడం. పై అంతస్తులో ఎవరూ రెండో పేజీ తిప్పరని ఉద్యోగంలో చేరిన వారానికే చెప్పారు. ఆయన ఇంతవరకూ తిప్పించలేదు.

ఆఫీసులో అందరూ ఆయన్ని సారాంశం అంటారు. సన్నటి మనిషి, ఎడమ భుజం కాస్త కిందికి జారి ఉంటుంది, కుడి మధ్యవేలి మీద కలం నొక్కి నొక్కి గుంట పడింది. ఇంట్లోనూ అదే అలవాటు. ఒకసారి చెల్లెలు మూడు కాగితాల ఉత్తరం రాస్తే, "అందరూ క్షేమం, నా మీద కోపంగా ఉంది" అని తేల్చేసి మడిచిపెట్టాడు. వాళ్ళావిడ కడుపు పట్టుకుని నవ్వింది.

ఆవిడ ఒకటో తరగతి టీచరు. ఈ పొద్దున చెప్పులు వేసుకుంటూ గుమ్మంలో ఆగింది.

"నిన్న మా చివరి బెంచీ పిల్ల ఏడ్చిందండీ. మూడు రోజుల్నించీ ఇంటిదగ్గర ఒకే పాఠం చదువుకుని వస్తోంది, తన వంతు వస్తుందని. రోజూ ఈలోగా గంట కొట్టేస్తున్నారు. ఈ ఐదు నిమిషాల గోల కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, దొరికితే అరవై రెండు మందినీ తెచ్చి ఆయన ఒళ్ళో కూర్చోబెడతా."

ఆయన విననట్టు పేపరు తిప్పాడు. ఆరేళ్ళుగా అలాగే తిప్పుతున్నాడు.

ఆ పథకం పేరు 'రోజూ ఐదు నిమిషాలు'. ఒక్కొక్క పిల్లా, పిల్లవాడూ టీచరు పక్కన కూర్చుని రోజుకి ఐదు నిమిషాలు పైకి చదవాలి. ఆరేళ్ళ కిందట ఆ పరిశోధన ఆయన బల్ల మీదకే వచ్చింది, ఆయన చేతిలోనే ఒక్క పేజీ అయింది, ఆ పేజీని చూసే అన్ని బడులకీ ఉత్తర్వు వెళ్ళింది. ఇంట్లో ఈ సంగతి చెప్పలేదు. మొదట్లో, బాగా నడిచాక చెప్పి గొప్పలు పోదామనుకున్నాడు. తరువాత భయపడ్డాడు. ఇంకా నిజం చెప్పాలంటే, లోపం ఆవిడలోనే ఉందనుకున్నాడు. ఒకసారి నోరు జారి, "పరిశోధనలో తేలిందిగా, శ్రద్ధగా చేస్తే అవుతుంది" అన్నాడు కూడా. "ఆ పరిశోధనని ఒక్కరోజు నా క్లాసుకి రమ్మనండి" అని ఆవిడ గరిటె అక్కడే పడేసి వెళ్ళిపోయింది.

ఇప్పుడు పథకాన్ని ఇంకో ఐదేళ్ళు పొడిగించాలి. అందుకే అదే రిపోర్టు మళ్ళీ బల్ల మీద ఉంది. నోట్ నాలుగింటికి పైకి వెళ్ళాలి.

'పరిమితులు' అన్న అధ్యాయం దగ్గరికి వచ్చాడు. ఆ అధ్యాయాన్ని ఆయన ఎప్పుడూ చదవడు, మొత్తంగా తీసేస్తాడు. ప్రతి రిపోర్టులోనూ అదొకటి ఉంటుంది, అందులో అందరూ అణకువగా ఒకే మాట రాస్తారు. ఈరోజు మాత్రం ఆ ఏడ్చిన పిల్ల గుర్తొచ్చి చెయ్యి ఆగింది. డెబ్బై మూడో పేజీ, కింది నుంచి నాలుగో వాక్యం: 'ఈ ఫలితాలు పద్దెనిమిది మందికి మించని తరగతుల్లో, టీచరుకు తోడుగా ఒక సహాయకురాలు ఉన్నచోట మాత్రమే కనిపించాయి.'

మూడుసార్లు చదివాడు. పాత నోట్ తీసి చూశాడు. ఆ వాక్యం లేదు. అప్పుడు దాన్ని చదివి కొట్టేశాడో, చదవకుండానే తీసేశాడో కూడా గుర్తు రాలేదు. చేతికందిన చిత్తుకాగితం మీద అరవై రెండుని ఐదుతో హెచ్చవేశాడు. ఐదు గంటల పది నిమిషాలు. బడి నడిచేదే ఐదున్నర గంటలు. సిగ్గుతో ఆయన చెవులు వేడెక్కాయి.

భోజనం డబ్బా తెరవకుండానే వరండాలోకి వెళ్ళి ఆవిడకి ఫోన్ చేశాడు.

"పిల్లలు చేతులు కడుక్కుంటున్నారండీ. సారాంశం చెప్పండి చాలు."

"ఆ మహానుభావుణ్ణి నేనే."

"ఏ మహానుభావుడు?"

"ఐదు నిమిషాలు. అరవై మంది ఉన్న క్లాసులకి పనికొస్తుందని ఆ రిపోర్టు రాసినవాళ్ళు ఎక్కడా చెప్పలేదు. పద్దెనిమిది మంది ఉన్న క్లాసుల్లోనే చూశామని రాశారు. ఆ ముక్క నా నోట్‌లో లేదు. నేనే తీసేశాను."

అవతల కుళాయి చప్పుడు, పిల్లల అరుపులు.

"ఆరేళ్ళండీ," అంది చివరికి. ఆ తరువాత, "సాయంత్రం ఇంటికి రండి, మీ పని చెప్తా," అని పెట్టేసింది.

ఆయన ప్రాణం కాస్త కుదుటపడింది. ఆవిడ తిడితే భయం లేదు, మాట్లాడకపోతేనే భయం.

కొత్త నోట్‌లో ఆ వాక్యాన్నే అన్నిటికన్నా పైన పెట్టాడు. సూపరింటెండెంటు మేడమ్ మొదటి వరుస చదివి కళ్ళజోడు తీసింది.

"ఇదేంటండీ సారాంశం గారూ, భోజనానికి పిలిచి ముందే కూర మాడిందని చెప్పినట్టు? పొడిగించమని కదా మన నోట్? ఇలాంటివి ప్రతి రిపోర్టులోనూ ఉంటాయి. తీసేయండి."

"తీయనండి."

"ఏమన్నారు?"

"తీయనండి. కావాలంటే కింద నా పేరు తీసేయండి, చోటు మిగులుతుంది."

ముప్పై ఒక్క ఏళ్ళలో ఎవరైనా టీ ఇస్తే వద్దని కూడా అనని మనిషి. మేడమ్ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "పైనుంచి తిట్లొస్తే మీ దగ్గరికే పంపిస్తా" అని గొణుక్కుంటూ పొట్టి సంతకం పెట్టింది.

నాలుగుంపావుకి పైనుంచి పిలుపొచ్చింది. అసలు రిపోర్టు పట్టుకుని రమ్మన్నారు. దాన్ని గుండెకి ఆనించుకుని రెండు అంతస్తులు ఎక్కాడు, ఒకచోట ఆగి ఊపిరి తీసుకున్నాడు. డైరెక్టరు కొత్తగా వచ్చినాయన, వయసులో చిన్నవాడు. డెబ్బై మూడో పేజీ నిలబడే చదివాడు. చదివి, డెబ్బై నాలుగు తిప్పాడు.

"అప్పట్లో ఇది పైకెందుకు రాలేదు?"

"నేను తీసేశాను సార్. పేజీలో పట్టదని."

డైరెక్టరు కోప్పడలేదు. పద్దెనిమిది మంది దాటిన తరగతుల్లో పథకం ఆపాలని నోట్ మీద రాసి సంతకం చేశాడు. తల ఎత్తకుండానే అడిగాడు. "ఇలా ఇంకెన్నిట్లో తీసేశారు?"

కిందటి ఏళ్ళ పేజీలన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. "చూడాలి సార్. రేపటినుంచి ఒక్కొక్కటీ తీసి చూస్తాను," అన్నాడు.

దిగుతూ మెట్ల మలుపులో ఉన్న బల్ల మీద కూర్చున్నాడు. ఫైళ్ళతో పైకి వెళ్తున్న అటెండరు, "ఏం సారాంశం గారూ, అప్పుడే చతికిలబడ్డారే" అని నవ్వి వెళ్ళాడు. తిరిగి దిగేటప్పుడు కూడా ఆయన అలాగే ఉన్నాడు, తల గోడకి ఆనించి, ఒళ్ళో రిపోర్టు మీద రెండు చేతులూ పెట్టుకుని. అటెండరు భుజం తట్టాడు. తరువాత సూపరింటెండెంటు మేడమ్‌ని కేకేశాడు.

ఆ సమయానికి వాళ్ళావిడ బస్సులో ఉంది. ఏమేం అనాలో వరుసగా అనుకుంటూ వచ్చింది. సగం దారిలో కోపం సగం తగ్గిపోయింది, తగ్గినందుకు మళ్ళీ కోపమొచ్చింది. బడి దాటించకూడని హాజరు పట్టీని హెడ్మాస్టరు చూడకుండా సంచిలో వేసుకొచ్చింది. ఆయన్ని కూర్చోబెట్టి అరవై రెండు పేర్లూ పైకి చదివించాలి, ఒక్క పేరూ మధ్యలో మింగకుండా. కాళ్ళు కడుక్కుని పట్టీని భోజనాల బల్ల మీద ఆయన కూర్చునే వైపు తెరిచి పెట్టింది. అప్పుడు ఫోన్ మోగింది.

ఇంటికి మనుషులు వచ్చారు, ఏడ్చారు, కుర్చీలు అటూ ఇటూ జరిపారు. డైరెక్టరు సంతకం అయిందమ్మా అని సూపరింటెండెంటు మేడమ్ ఆవిడ చెయ్యి పట్టుకుని రెండుసార్లు చెప్పింది. ఆవిడ తల ఊపింది గానీ ఎవర్నీ ఆ బల్ల మీద చెయ్యి వేయనివ్వలేదు. ఆయన చోటు ఎదురుగా, ఆయనకి వీలుగా తిప్పి పెట్టిన హాజరు పట్టీ మొదటి పేరు దగ్గర తెరిచి ఉంది.