రికార్డు మీద మూడు బొట్లు

ముల్లు పెట్టగానే పాట కంటే ముందు చప్పుడు వచ్చింది. కాగిన నూనెలో ఆవాలు వేసినట్టు ఒకటే చిటపట. ఆ చిటపట మీద చుట్టు చుట్టుకీ టక్, టక్, టక్ అని మూడు దెబ్బలు. వాటి వెనక ఎక్కడో, గోడవతలి మనిషిలా, పాతికేళ్ళ బువాలై పాడుతోంది.

ఆమె శిష్యురాలు సాయ్‌రుంగ్ రికార్డు వాయించే పెట్టెకు చెవి ఆనించి కూర్చుంది. మూడో చరణం దగ్గరపడగానే ఊపిరి బిగబట్టింది. సరిగ్గా అక్కడే ముల్లు ఎగిరి ఇంకో చోట పడింది.

"మళ్ళీ పోయిందమ్మా" అంది.

ఎదురుగా చాప మీద కూర్చున్న బువాలై తలూపింది. ఇప్పుడామెకు డెబ్భై దాటాయి. గొంతులో గడ్డ తీసేశాక గుసగుస తప్ప ఏమీ మిగల్లేదు. మాటలు చెప్పగలదు, చేత్తో తాళం చూపగలదు. ఆ మూడో చరణంలో ఊపిరి తెగకుండా అంతదూరం ఎలా పోవాలో మాత్రం గుసగుసతో నేర్పలేకపోయింది. సాయ్‌రుంగ్ ఎన్నిసార్లు పాడినా సగంలో దమ్ము చాలక, మూన్ నదిలో మునిగి తేలిన దానిలా రొప్పేది. గురువారం గురుపూజ. చుట్టుపక్కల ఊళ్ళ పాటగాళ్ళంతా వస్తారు. ఆ పాట వచ్చిన మనిషి ఇంకొకరు లేరు. సాయ్‌రుంగ్‌కు పట్టుబడకపోతే అది బువాలైతోనే సరి.

"కడుగుదామమ్మా. ఆ బొట్లు పోతే ముల్లు ఎగరదు."

రికార్డు అచ్చయి ఇంటికి వచ్చిననాడు బువాలై మొగుడు తొంగ్‌మా దాన్ని సైకిలు మీద గుడికి తీసుకుపోయాడు. కొత్త బండికీ, కొత్త గుమ్మానికీ పెట్టించినట్టే దీనికీ బొట్టు పెట్టించాడు. ముసలి భిక్షువు తెల్లసుద్ద తడిపి, మంత్రం చదివి, నల్లగా నిగనిగలాడే చోటు చూసి మూడు బొట్లు పెట్టాడు. నడుమ కాగితం మీద పెట్టమని చెప్పాలని అక్కడెవరికీ తోచలేదు. ఆ తర్వాత రికార్డు ఇంట్లో బుద్ధుడి పీఠం పక్కన కొవ్వొత్తుల పొగ పీల్చుకుంటూ ఉండిపోయింది.

గుమ్మంలో వెదురు చీలుస్తున్న తొంగ్‌మా కత్తి ఆపాడు.

"బొట్ల మీద చెయ్యి పడ్డానికి వీల్లేదు."

"ఎందుకు పెద్దయ్యా?"

"ఎందుకా. ఆసుపత్రిలో పక్క మంచాల వాళ్ళు ఇంటికి రాలేదు. ఈవిడొచ్చింది. ఊరికే వచ్చిందా?"

"డాక్టరు బాగా కోశాడేమో" అంది బువాలై.

"ఆ డాక్టరే వాళ్ళనీ కోశాడు."

ఆయనది మొండితనం కాదని, భయమని సాయ్‌రుంగ్‌కు తెలుసు. నలభై ఏళ్ళు బువాలై ఎక్కడ పాడితే అక్కడ పక్కన కూర్చుని ఖేన్ ఊదిన మనిషి, ఆమె గొంతు పోయిననాటి నుంచి దాన్ని ముట్టలేదు. ఆ వెదురు గొట్టాల వాయిద్యం గుడ్డ కప్పుకుని గోడకు వేలాడుతోంది. సాయ్‌రుంగ్ పాఠానికి వస్తే చాలు, ఆయన పొలానికి పోయేవాడు. ఇవాళ వాన పడి ఇంట్లో ఉన్నాడు.

బువాలై లేచింది. వెండిగిన్నె తీసుకుని చూరు కింది బానలోంచి వాననీళ్ళు ముంచుకొచ్చింది.

"ఏం చేస్తున్నావే?"

"నా పాట. కడుక్కుంటా."

"పాట నీదే. బొట్లు నేను పెట్టించినవి."

"అయితే నువ్వే తియ్యి. భిక్షువుగారు బొట్టు పెట్టింది నాకు మంచి జరగాలనా, నా పాట కుంటాలనా?"

తొంగ్‌మా కత్తి పక్కన పెట్టాడు.

"నీళ్ళు పారబొయ్యవుగా?"

"పారబొయ్యను."

ఆయన వచ్చి రికార్డును అంచులు పట్టుకుని గిన్నె మీద ఏటవాలుగా ఎత్తాడు. సాయ్‌రుంగ్ సబ్బునీళ్ళ సీసా అందుకోబోతే బువాలై చెయ్యి పట్టుకుంది.

"సబ్బు తర్వాత. ముందు ఉత్తి నీళ్ళలో దిగనీ. ఈ నీళ్ళు నాక్కావాలి."

నీళ్ళు చిలకరించి ఆగారు. గోరు తగలనివ్వలేదు. సుద్ద నాని, మెత్తబడి, పాలచుక్కల్లా గిన్నెలోకి జారింది. అప్పుడు సాయ్‌రుంగ్ వేరే గిన్నెలో చుక్క సబ్బు కలిపి, ఉతికి ఉతికి వెన్నలా అయిన పాత లుంగీ ముక్కతో, నడుమ కాగితం తడవకుండా, గీతల వెంబడి గుండ్రంగా తుడిచింది.

"అడ్డంగా రుద్దకు" అన్నాడు తొంగ్‌మా.

"ఇందాక ముట్టుకోవద్దన్నారు, ఇప్పుడు పాఠం చెప్తున్నారా?"

గుడ్డ నల్లబడింది. మళ్ళీ వాననీళ్ళు పోసి సబ్బు పోగొట్టి, అద్ది, నీడన గోడకు ఆనించారు. ఎండలో పెడితే అప్పడంలా వంకరపోతుంది. అది ఆరేలోపు తొంగ్‌మా తెల్లనీళ్ళలో వేళ్ళు ముంచి భార్య మాడు మీద అద్దాడు, తర్వాత గొంతు మీది కోత గుర్తు మీద.

"చల్లగా ఉంది" అంది బువాలై. మిగిలిన నీళ్ళు సాయ్‌రుంగ్ తలకు రాసింది.

ముల్లు పెడితే ఏమీ వినబడలేదు. చెడిపోయిందా అనుకుంది సాయ్‌రుంగ్. అంతలో ఖేన్ మొదలైంది, ఆ వెంటే గొంతు. గోడవతలి మనిషి గదిలోకి వచ్చి కూర్చున్నట్టయింది. అక్కడక్కడా చిట్‌మంటూనే ఉంది. అది మట్టి కాదు, గీరుకుపోయిన చోటు, కడిగితే పోయేది కాదు. మూడో చరణంలో ముల్లు ఎగరలేదు. గొంతు ఎక్కుతూ ఎక్కుతూ, సాయ్‌రుంగ్‌కు దమ్ము చాలని చోటికి వచ్చి ఆగిపోయింది. నిజంగానే ఆగింది. ఆ ఖాళీ మీద ఖేన్ ఒక్కసారి పొంగింది. దాని కింద పసిపిల్ల ఊపిరంత చిన్న ఊపిరి. మరుక్షణం గొంతు ఎక్కడికీ పోనట్టే ఉంది.

"అమ్మా, నువ్వు ఆగావు."

బువాలై రికార్డును చూసి, మొగుణ్ణి చూసింది.

"నేనెప్పుడూ ఆగలేదనుకున్నా."

"ప్రతిసారీ ఆగేదానివి" అన్నాడు తొంగ్‌మా. "నేను నింపేవాణ్ణి."

"ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"చెబితే ఆగడం మానేస్తావని."

బువాలై నవ్వింది. చప్పుడు లేదు, భుజాలు మాత్రం కదిలాయి.

తొంగ్‌మా లేచి గోడ మీది గుడ్డ తీశాడు. ఖేన్ దులిపి, నోటికి ఆనించి ఊదాడు. దుమ్ము లేచి దగ్గొచ్చింది. మళ్ళీ ఊదాడు.

"రెండు గొట్టాలు పలకడం లేదు. గురువారానికి బాగుచేస్తా. ఇప్పటికి మూడో చరణం అందుకో."

సాయ్‌రుంగ్ అందుకుంది. ఆ చోటికి వచ్చాక, భయపడకుండా ఆగింది.