కామాక్షయ్య ఉద్యోగం

ఇరవై ఎనిమిదేళ్ళు డోలు నేర్పిన మనిషి చేత, శిష్యుల కళ్ళముందే టీ పళ్ళెం మోయించారు. మర్నాటి ప్రాక్టికల్ పరీక్షలకు వచ్చిన ఎగ్జామినర్లిద్దరూ కప్పులు అందుకుని చక్కెర తక్కువైందన్నారు. కామాక్షయ్య సరేనని మళ్ళీ క్యాంటీన్ వైపు నడిచాడు. కోపం తెచ్చుకునే ఓపిక కూడా ఆయనకు మిగల్లేదు.

కావలిలో ఆ సంగీత పాఠశాలను కట్టింది యూనివర్సిటీ కాదు. మూతపడ్డ రైసుమిల్లు షెడ్డు రైతులిచ్చారు. పాలెం జాలర్లు తాటిదూలాలు మోసుకొచ్చి కప్పు వేశారు. మా పిల్లల సర్టిఫికెట్లకు విలువ కావాలి, దీన్ని యూనివర్సిటీలో కలపండి అని మూడేళ్ళు ధర్నాలు చేసిందీ ఆ జనమే. ఊరేగింపుల్లో ముందు నడిచి డోలు వాయించింది కామాక్షయ్యే. తీరా యూనివర్సిటీలో కలిసి బోర్డు మారిన నెలకే కాగితం వచ్చింది: పీజీ లేనివాళ్ళు పంతుళ్ళుగా పనికిరారు. దయతలచి ఆయనకు అటెండరు పోస్టిచ్చారు. దయట! పీజీ ఉన్న డోలు పంతులు దొరకలేదు గనుక పాఠం మాత్రం ఆయన చేతే చెప్పించుకున్నారు.

ఆ సాయంత్రం శిష్యులు ముప్పైమంది షెడ్డులో కూర్చున్నారు.

"అయ్యోరిని పంతులుగా రాసేదాకా రేపు వాద్యం ముట్టేది లేదు," అంది రోజా. పాలెం నుంచి వచ్చి నాదస్వరం నేర్చుకునే పిల్ల.

"సంవత్సరం పోతాది రోజా. మా నాయన నన్ను చదువు మాన్పించి మళ్ళా మడిలోకి దించుతాడు," అన్నాడు పెంచల్.

కామాక్షయ్య తలుపు దగ్గర నిలబడి విన్నాడు. "నా కోసం మీరు చెడిపోబాకండమ్మా. రిటైరవడానికి నాకింక రెండేళ్ళే. ఎట్టనో లాక్కొస్తాను."

"నీ కోసమని ఎవరు చెప్పినారయ్యోరా? నీ విద్య విద్య కాదంటే, నీ దగ్గర నేర్చుకున్న మాది ఏమవతాది?" అంది రోజా.

వాదనలు చాలాసేపు సాగాయి. ఆఖర్న వాద్యం ముట్టమనేవాళ్ళు చేతులెత్తమంటే, పెంచల్ చెయ్యి అందరికంటే ఆలస్యంగా లేచింది.

మర్నాడు ప్రిన్సిపాల్ నరేంద్రబాబు పిలిచాడు. "కామాక్షయ్యా, డోలు పట్టు. పిల్లలకు సహకారం నువ్వే."

ఆయన వేళ్ళకు తొడుగులు తొడుక్కుని మొదలుపెట్టాడు. రోజా నాదస్వరం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆయన మళ్ళీ తాళం అందించాడు. వాయించమ్మా అని కళ్ళతోనే బతిమాలాడు. రోజా కదల్లేదు. ఎగ్జామినరు సున్నా వేశాడు. తర్వాత పెంచల్ వచ్చాడు. వాడూ వాద్యం ముట్టలేదు, కళ్ళల్లో నీళ్ళు. వాడికీ సున్నాయే. అలా తొమ్మిదిమంది. ఒక్కొక్క సున్నా కామాక్షయ్య గుండెల్లో గుచ్చుకుంది. తను నేర్పిన పిల్లలు చేతగాక కాదు, చేతనై ఊరుకుంటున్నారు.

పదో పిల్ల వచ్చేసరికి ఆయన తొడుగులు తీసేశాడు.

"ఇంక వాయించను సార్."

"అటెండరువి! చెప్పిన పని చెయ్యి!"

"డోలు వాయించడం అటెండరు పని కాదు గదా సార్. వాయించమంటే పంతులుగా రాయండి."

రాయలేదు. ముప్పైమందీ గేటు ముందు కూర్చున్నారు. ఆయన వాళ్ళ మధ్యకు వెళ్ళి నడుం పట్టుకుని మెల్లగా కూలబడ్డాడు. ఎగ్జామినర్ల కారు కదల్లేదు. మధ్యాహ్నానికి పోలీసు వ్యాను వచ్చి అందరినీ ఎక్కించుకుపోయింది.

స్టేషన్లో కానిస్టేబుల్ జకరయ్య పేర్లు రాసుకుంటున్నాడు. "కామాక్షయ్య, అటెండరు," అని అందించాడు వెంట వచ్చిన నరేంద్రబాబు.

"ఆయన్ని చెప్పనీండి సార్. ఏం పని పెద్దాయనా?"

కామాక్షయ్యకు కాళ్ళు పీకుతున్నాయి. ఇంటికి పోయి పడుకోవాలని ఉంది.

"డోలు పంతులు," అన్నాడు.

"ఆ మాట రాయిస్తే ఉన్న పోస్టు కూడా ఊడుతుంది," అన్నాడు నరేంద్రబాబు.

"ఊడనీండి సార్. దాన్ని నేను అడిగినానా?"

జకరయ్య ఇద్దరి వంకా చూసి, డోలు పంతులు అనే రాశాడు. "తర్వాతెవరు?"

రోజా ముందుకొచ్చింది. "రోజా. పాలెం చెంచయ్య కూతుర్ని. ఈ అయ్యోరి శిష్యురాల్ని. అది గూడా రాయన్నా."

"అదెందుకమ్మా?"

"మా అందరికీ రాయాలన్నా," అన్నాడు పెంచల్, ఆమె వెనక వరసలో నిలబడుతూ.