ఎడమచేతి గీతలు

మా కంచరి వీధిలో ఇప్పుడు రాగి కూజాలు కొనేవాడు లేడు. అందరికీ ఫిరంగి గుండ్ల ఇత్తడి తొడుగులే కావాలి. వచ్చిన ప్రతి విదేశీయుడూ పూలు చెక్కిన తొడుగొకదాన్ని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, "ఇది నిజంగా మీ మీద పేల్చిందేనా?" అని అడుగుతాడు. ఔనంటే మురిసిపోతాడు. నేను ఔననే అంటాను. అసలు సంగతేమిటంటే, గుండు ఎగిరొచ్చి మా మీద పడి ముక్కలవుతుంది, తొడుగు మాత్రం ఫిరంగి దగ్గరే, పేల్చినవాడి కాళ్ళ దగ్గరే పడి ఉంటుంది. అంచేత సరయేవోలో మేము నగిషీ చెక్కి అమ్మే ప్రతి తొడుగూ, యుద్ధంలో ఊరిని చుట్టుముట్టి మా మీద పేల్చిన కొండ మీదివాళ్ళ దగ్గర కొనుక్కున్నదే. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కొండ మీద నుంచి వాటిని తెచ్చేది స్తోయంక. బంగాళాదుంపల గోనెసంచుల్లో కుక్కి, డొక్కు వ్యానులో వేసుకొస్తుంది. యుద్ధం ముగిసి ఏళ్ళయినా మా ఇద్దరి పలకరింపు మాత్రం మారలేదు.

"ఏం హస్నియా, ఇంకా బతికే ఉన్నావా?"

"మీవాళ్ళ గురి అంత గొప్పది మరి. వాగింది చాలుగానీ సంచి దించు."

"గుండ్లయితే ఊరికే పంపామే! తొడుగుల దగ్గరకొచ్చేసరికి ఇంత గీచి గీచి బేరమా, తల్లీ?"

ఆమె మాటకి కోపమూ వస్తుంది, నవ్వూ వస్తుంది. రెండు వారాలు రాకపోతే ఏమైందోనని వీధి చివరిదాకా చూస్తాను కూడా.

ఆ రోజు సంచి అడుగున ఒక పొడుగాటి తొడుగు వచ్చింది. ముందే ఎవరో చెక్కినది. ఇలాంటివి అప్పుడప్పుడు వస్తుంటాయి. సైనికులు పొద్దుపోక మేకుతో హృదయం బొమ్మలూ ప్రియురాళ్ళ పేర్లూ గీకుతారు, మేము అదంతా గోకేసి మళ్ళీ కొత్తగా చెక్కుతాం. నేను గోకుడు కత్తి తీసుకుని తొడుగును వెలుతురుకి తిప్పాను. దానిమ్మ పూలు, ఆకులు. సైనికుడి పని కాదు, చేయి తిరిగినవాడి పని.

ఉలి దిగిన చోట గీత లోతుగా, వెడల్పుగా ఉంటుంది. ఉలి లేచే చోట సన్నబడి తోకలా ముగుస్తుంది. వీధిలో అందరి గీతల తోకలూ ఒకే వైపుకి ఉంటాయి, ఎందుకంటే అందరిదీ కుడిచేతి వాటమే. ఈ తోకలు మాత్రం రెండో వైపుకి ఉన్నాయి. ఆ వైపుకి చెక్కినవాడు మా వీధిలో ఒక్కడే, ఎడమచేతివాటం నా తమ్ముడు రుస్మిర్. "నీ ఆకులన్నీ ఎదురుగాలికి వంగుతున్నాయిరా" అని మా నాన్న వాడిని సుత్తి పిడితో కొట్టి కొట్టి, చివరికి విసిగి వదిలేశాడు.

కత్తి పక్కన పడేశాను. యుద్ధం మొదలైన వసంతంలోనే, వంతెన అవతల ఉన్న మా మేనత్తను తీసుకొస్తానని వెళ్ళిన రుస్మిర్‌ను రోడ్డుకి అడ్డం నిలబడ్డ కొండ మీది సైనికులు పట్టుకుపోయారు. ఆ తర్వాత కబురు లేదు. ఈ తొడుగు అంచున మాత్రం ఆ కొండ మీదివాళ్ళ లిపిలో, "కెప్టెన్ వుకాషిన్‌కి, ఆయన కుర్రాళ్ళ నుంచి" అని ఉంది. కింద ఆ మరుసటి శీతాకాలం తేదీ.

"ఇదెక్కడిది?" అని అడిగాను.

"ఆ కెప్టెన్ ఇంకా కొండ మీదే ఉన్నాడు, ముసలాయనయ్యాడు. ఆయన కోడలు అటక సర్దుతూ పడేసింది. ఏంటే, అలా పాలిపోయావు?"

సాయంత్రం దాన్ని తీసుకెళ్ళి అమ్మ ఒళ్ళో పెట్టాను. అమ్మ పేరు జుమ్రా. తప్పిపోయినవాళ్ళ ఎముకలు గుర్తుపట్టే ఆఫీసులో అమ్మా నేనూ ఎప్పుడో, ఎముకలతో పోల్చి చూడటానికి రక్తం ఇచ్చాం. వీధిలో ఒక్కొక్కరికే కబురు వస్తోంది, మాకు రావడం లేదు. ఎవరికైనా కొడుకు తొడ ఎముక దొరికిందంటే అమ్మ వెళ్ళి ఆ తల్లిని కావలించుకుని ఏడ్చి, ఇంటికొచ్చి పళ్ళు కొరుక్కుంటుంది. అది అసూయ. పక్కింటివాళ్ళ శవాల మీద అసూయపడే గతి పట్టింది మాకు. "చిటికెన వేలి ఎముకైనా చాలు, సమాధి కట్టి తెల్లరాయి పాతించుకుంటాను, నేను పోయేలోపు ఇప్పించమను" అని ఆ ఆఫీసులో ఎదురుపడ్డ ప్రతివాడి చేతులూ పట్టుకునేది. గుండె జబ్బు ముదిరింది. మందుల పేరెత్తితే, ముందు వాడి సంగతి తేలనివ్వమనేది.

అమ్మ తేదీ మీద వేలు పెట్టింది. "అప్పటికి బతికే ఉన్నాడు. నేనేమో అప్పటికే వాడు పోయాడని ఫాతిహా చదివేశాను కదే! వాడక్కడ కూర్చుని పూలు చెక్కుకుంటున్నాడు, నేనిక్కడ వాడిని చంపేసి ఏడుస్తున్నాను."

నేను అమ్మ పక్కన కూర్చున్నాను.

మర్నాడు స్తోయంక మమ్మల్ని తన వ్యానులోనే తీసుకెళ్ళింది. కిరాయి మాటే ఎత్తలేదు. అమ్మ పండగనాడు కట్టుకునే తలగుడ్డ కట్టుకుంది. సంచిలో కాఫీ పొట్లం, చక్కెర బిళ్ళల డబ్బా పెట్టుకుంది.

"అమ్మా, ఎవరింటికి వెళ్తున్నామో గుర్తుందా? వాడికి కాఫీ పట్టుకెళ్తావా?"

"ఎవరిల్లయితే ఏం? ఖాళీ చేతులతో గడప తొక్కుతామా? చెప్పాల్సినవాడు వాడు, అడగాల్సినదాన్ని నేను."

వుకాషిన్ ఊలు చెప్పులు వేసుకుని, దగ్గుతూ తలుపు తీశాడు. రాక్షసుడిలా ఉంటాడనుకున్నాను. మా ఇంటి పక్కన పెన్షన్ కోసం వరసలో నిలబడే ముసలాళ్ళలాగే ఉన్నాడు, అది ఇంకా భరించలేకపోయాను. మేమెవరమో చెప్పగానే వెనక్కి తగ్గలేదు సరికదా, కళ్ళు మెరిశాయి.

"రుస్మిర్ అమ్మా మీరు? రండి, రండి! బంగారం లాంటి చేతులండీ మీవాడివి. కూర్చోండి. ఒక్క చుక్క ప్లమ్ పళ్ళ సారా... ఓ, మీరు తాగరు కదూ. కాఫీ పెడతాను."

అమ్మ తెచ్చిన కాఫీతోనే కాఫీ పెట్టాడు. వంటింటి అలమార నిండా రుస్మిర్ చెక్కిన తొడుగులున్నాయి. ద్రాక్షతీగలు, వంతెనలు, ఒకదాని మీద మా వీధే ఉంది. బందీలను ఊరి బడిలో ఉంచారట. రుస్మిర్ పని తెలిసి, కెప్టెన్ వాడిని పగలంతా తన ఇంట్లో ఈ బల్ల దగ్గరే కూర్చోబెట్టి చెక్కించుకున్నాడట.

"నేను తిన్నదే వాడికీ పెట్టాను. మీ అబ్బాయి ఇక్కడున్నన్నాళ్ళూ చలికి వణకలేదమ్మా. నా సొంత కొడుకులా చూశాను."

అమ్మ కప్పు కింద పెట్టింది. "సొంత కొడుకును ఎక్కడ పెట్టావు నాయనా? అది చెప్పు. ఇంకేం అడగను. కోర్టుకి పోను, ఎవరికీ చెప్పను. నీ పిల్లల మీద ఒట్టు."

వుకాషిన్ లేచి, అలమార కింది అరలోంచి ఒక తొడుగునూ ఒక రేకు డబ్బానూ తెచ్చి బల్ల మీద పెట్టాడు. తొడుగులో గుగ్గిలం ఇంకా నిండుగానే ఉంది. దెబ్బకి సొట్టలు పడకుండా చెక్కేముందు కరిగించి పోస్తాం, పని ముగిశాకే తీస్తాం. చుట్టూ ఆకుల వరస. అంచు మీద కెప్టెన్ పేరు. ఆకుల వరస చుట్టూ తిరిగొచ్చి ఇంకో నాలుగు వేళ్ళ మేర ఉందనగా ఆగిపోయింది. చివరి ఆకుకి ఈనెలు సగమే ఉన్నాయి.

"ఇది మిగిలిపోయింది. ఇద్దరు పనివాళ్ళకి చూపించాను. గీతలు తిరగబడి ఉన్నాయి, కలపలేం అన్నారు. నువ్వు అక్కవి, అదే పని చేస్తావు. పూర్తి చెయ్యి."

"నీకేమైనా మతిపోయిందా?" అన్నాను. "వాడిని ఏం చేశావో చెప్పమంటే నీ అలమారకి సింగారం చెయ్యమంటావా?"

"నేను ముసలివాణ్ణి. చూసినప్పుడల్లా ఇది నా కళ్ళలో గుచ్చుకుంటోంది. నువ్వు పూర్తి చెయ్యి, నాకు తెలిసింది చెప్తాను. లేదంటే మీ కాఫీ మీరు తీసుకెళ్ళొచ్చు."

నేను లేచాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని కూలేసినట్టు కూర్చోబెట్టింది. "చెయ్యి" అంది. "అమ్మా!" అన్నాను. "చెయ్యమన్నానా? నీ రోషం తగలెయ్య, నాకు నా పిల్లాడు కావాలి. చెయ్యి."

రేకు డబ్బాలో వాడి ఉలులున్నాయి. పాత ఆకురాళ్ళూ మేకులూ అరగదీసి చేసుకున్నవి. పొయ్యి దగ్గర తొడుగును కాస్త వెచ్చబెట్టి, తలకిందులుగా ఒళ్ళో పెట్టుకున్నాను. అలా పెడితే నా కుడిచేతి గీత తోక కూడా వాడి వైపుకే తిరుగుతుంది. చిన్నప్పుడు వాడి పని నాన్నకి తెలియకుండా నేనే పూర్తి చేసిపెట్టడానికి కనిపెట్టిన ఉపాయం అది.

ఉలి పట్టుకుని మొదటి దెబ్బ కొట్టాను. ఈ మాట చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్తాను. ఆ కాసేపు నాకు హాయిగా అనిపించింది. సగంలో ఆగిన ఆకులో వాడు వదిలిన ఈనె పక్కనే నా ఈనె పెట్టాను. వాడు ఎంత లోతుకి కొడతాడో నా మణికట్టుకి తెలుసు. వాడి పక్కన కూర్చుని పని చేస్తున్నట్టే ఉంది. మా పనిలో వరస కలిసే చోటు కనబడితే నగుబాటు. ఎక్కడ మొదలెట్టాడో ఎక్కడ ముగించాడో కొన్నవాడికి తెలియకూడదని నాన్న ప్రాణం తీసేవాడు. అలాగే కలిపాను. బూడిదతో తోమి, గుడ్డతో మెరుగు పెట్టాను. పాత ఇత్తడి రంగూ కొత్త గీత రంగూ ఒకటైపోయాయి.

వుకాషిన్ దాన్ని కిటికీ దగ్గర తిప్పి తిప్పి చూశాడు. "శెభాష్. ఎక్కడ అతికిందో నాకే తెలియడం లేదు" అన్నాడు.

"ఇక చెప్పు" అంది అమ్మ.

చెప్పాడు. ఒక ఉదయం రుస్మిర్ ఈ బల్ల దగ్గరే పనిలో ఉన్నాడు. బయట లారీ వచ్చింది. బడిలో ఉన్న అందరినీ తీసుకెళ్ళమని ఉత్తర్వు. వీడు నావాడు, వీడిని వదిలెయ్యండని తను అన్నాడట. అందరూ అంటే అందరే అన్నారట వాళ్ళు. రుస్మిర్ ఉలి తుడిచి డబ్బాలో పెట్టి, కోటు వేసుకోవచ్చా అని అడిగాడట.

"వేసుకోమన్నాను" అన్నాడు వుకాషిన్. "పాత రాళ్ళ క్వారీకి తీసుకెళ్ళారు. అరగంటలో అయిపోయింది, ఇక్కడికి వినపడింది."

"క్వారీ ఎటు?" అమ్మ అప్పటికే లేచి నిలబడింది. "హస్నియా, లే. స్తోయంకకి చెప్పు, ఆఫీసువాళ్ళకి ఫోన్ చెయ్యి. పారలు తెస్తారు."

"అక్కడ ఏమీ లేదమ్మా" అన్నాడు వుకాషిన్, దగ్గు ఆపుకుంటూ. "మరుసటి ఏడు, ఆనవాలు దొరక్కూడదని యంత్రాలతో వచ్చి మొత్తం తవ్వి ఎత్తుకుపోయారు. ఎక్కడ పోశారో తెలీదు. ఆ డ్రైవర్లు ఈ ఊరివాళ్ళు కారు. మీ ఆఫీసువాళ్ళు కూడా వచ్చి చూసుకుని, ఒట్టి మట్టేనని వెళ్ళిపోయారు. నాకు తెలిసింది ఇంతే."

అమ్మ మెల్లగా కూర్చుంది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. అతని మీద పడి రక్కుతుందేమోనని లేచాను, అదీ చెయ్యలేదు. నాకే అతని పీక నులమాలనిపించింది. నులిమితే ఆ యంత్రాలు మోసుకెళ్ళిన మట్టి వెనక్కి రాదు.

"ఒకసారి ఇటివ్వు" అంది అమ్మ. తొడుగు అతని చేతిలోనే ఉంది. ఇచ్చాడు.

అమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆకుల వరస మీద వేలితో తడుముకుంటూ వెళ్ళింది. ఒక చుట్టు తిరిగింది. మళ్ళీ తిరిగింది.

"వాడు ఎక్కడ ఆపాడే? లారీ వచ్చినప్పుడు? అక్కడిదాకా నా పిల్లాడు బతికున్నాడు కదా. ఆ చోటు చూపించు."

తొడుగును కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. ఏటవాలుగా పట్టి చూశాను. గోటితో గీకి చూశాను. సగంలో ఆగిన ఆకు కోసం ఒక్కో ఆకునూ వెతికాను. అన్ని ఆకులకీ ఈనెలు నిండుగా ఉన్నాయి, అన్ని తోకలూ ఒకే వైపుకి ఉన్నాయి. వాడి గీత ఏదో నా గీత ఏదో నాకే తెలియలేదు.

"కనబడటం లేదమ్మా" అన్నాను.

అమ్మ నా మొహంలోకి చూసింది. కోపంగా కూడా చూడలేదు.

"ఎందుకే ఇంత బాగా చేశావు?" అంది.

వుకాషిన్ చెయ్యి చాపి నిలబడ్డాడు. వస్తువు అతనిది, అంచు మీద అతని పేరుంది. ఇచ్చేశాను.