ఆ పేరు గలవారు లేరు

మా పేటలో మనిషికి రెండు పేర్లు. ఒకటి చర్చిలో అయ్యగారు పెట్టింది, రెండోది బళ్ళో మాస్టారు రాసుకున్నది. ఇంట్లోనూ వీధిలోనూ మిరపచేలోనూ మొదటి పేరు చెల్లుతుంది. ఆధార్ కార్డుకీ బ్యాంకుకీ మార్కుల లిస్టుకీ రెండోది కావాలి. నా సంగతే చెబుతాను. మా పుట్టింటివారిది కీసర. అక్కడ నేను కృపాజ్యోతిని, టెన్త్ సర్టిఫికెట్లో మాత్రం కనకదుర్గని. పరీక్ష హాల్లో కనకదుర్గ అని పిలిస్తే పక్కపిల్ల మోచేత్తో పొడిచేదాకా నేను పలికేదాన్ని కాదు. దీన్ని మేం వింతగా చూడం. ఎవరైనా వింతగా చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఒళ్ళు మండటం నాకు కొత్త కాదు లెండి. నోటి దురుసు మనిషినని మా అమ్మే పెళ్ళిచూపుల్లో ఒప్పుకుంది. మూడున్నరేళ్ళ కిందట దేవరాజ్‌ని చేసుకుని పెనుగంచిప్రోలు వచ్చాను. మా ఆయన ట్రాక్టరు తోలుతాడు. ఇంట్లో అత్తగారు ఆదెమ్మ, ఆడపడుచు జెరూషా. మామగారు ఏసురత్నం నేను రాకముందే పోయారు. మరిది నెహెమ్యా అప్పటికే మంచాన పడి ఉన్నాడు. వాడు చూస్తుండగా అన్న పెళ్ళి జరగాలని తొందరపడి మా పెళ్ళి చేశారు. నేను కాపురానికి వచ్చిన నెల తిరక్కుండానే వాడు పోయాడు. ఇరవై రెండేళ్ళు.

జెరూషాకి ఇప్పుడు పదిహేడు. నందిగామలో ఇంటరు రెండో సంవత్సరం, బైపీసీ. కాలేజీలో తిరుపతమ్మ, మా ఊరి అమ్మవారి పేరే రాశారు మాస్టారు. పిల్ల దస్తూరీ అచ్చు వేసినట్టుండేది. ప్రతి ఆదివారం చర్చి బోర్డు మీద వాక్యం రాసేది తనే. దసరా సెలవుల తర్వాత ఒక ఆదివారం ఆ బోర్డు మీద అక్షరాలు చీమల్లా చిన్నవై ఒకదాని మీదికొకటి ఎక్కాయి. కాలేజీలో రికార్డు మళ్ళీ రాసుకురమ్మని లెక్చరరు విసిరికొట్టాడు. ఫోను చూసుకుంటూ రాస్తే ఇలాగే తగలడుతుందని నేనూ తిట్టాను. తర్వాత ఒక పొద్దున జెరూషా వాళ్ళమ్మకి టీ అందిస్తుంటే గ్లాసు తొణికి ఆదెమ్మత్త చేయి కాలింది. ఆమె కాలిన చేయి చూసుకోలేదు. పిల్ల చేయి పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

"వాడిక్కూడా గ్లాసుతోనే మొదలైంది," అంది.

నెహెమ్యాకి ఏ జబ్బో మాలో ఎవరికీ తెలియదు. చేతులు వణికాయి, నాలుక మందమైంది, నడక తూలింది, ఆ తర్వాత పచ్చకామెర్లు వచ్చాయి. తూలే నడకా ముద్ద మాటా చూసి ఊరంతా తాగుడన్నారు. బెజవాడ ఆసుపత్రి కాగితం మీద కూడా తాగుడు వల్ల లివరు చెడిందనే రాశారు. చర్చిలో ప్రభు బల్ల దగ్గర ఇచ్చే ద్రాక్షరసం తప్ప ఇంకేదీ నోట పెట్టని కుర్రాడు. సమాధి దగ్గర కూడా ఇద్దరు మగవాళ్ళు ఆ మాటే అనుకుంటుంటే నా చెవిన పడింది. కొత్త కోడలిననే సంగతి మరిచిపోయి వాళ్ళని కడిగేశాను. ఆ రోజు నుంచే పేటలో నాకు పేరొచ్చింది.

జెరూషాని నందిగామలో చూపించాం. పరీక్షల టెన్షనని చెప్పి డాక్టరు బలం బిళ్ళలు రాశాడు. బెజవాడ తీసుకెళ్ళాం. తల స్కానింగ్ తీశారు. ఏదో తేడా ఉంది గానీ అదేమిటో ఇప్పుడే చెప్పలేం, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా వచ్చిందా అని అడిగారు. ఆదెమ్మత్త సంచిలోంచి నెహెమ్యా కాగితం తీసి ఇచ్చింది. అందులో తాగుడని ఉంది కదా. డాక్టరు చదివి, దీనికీ అమ్మాయికీ సంబంధం లేదని పక్కన పెట్టేశారు. అన్నని చెడ్డచేసిన కాగితమే చెల్లెల్నీ ముంచుతోందని అప్పటికి మాకు తెలియదు.

క్రిస్మస్ నాటికి పిల్ల పాట ఆగిపోయింది. క్వయర్లో ముందు వరసలో నిలబడే పిల్ల, నోటి పక్క నుంచి చొంగ కారుతుంటే రుమాలు అడ్డం పెట్టుకుని చివరి బెంచీలో కూర్చుంది. మూడు రోజులు ఉపవాస ప్రార్థన పెట్టించాం. ఎవరో చెప్పిన ఆకు పసరు తాగించాం. ఫోనులో ఒక వీడియో చూసి, నరాలకి మంచిదట కదా అని, జగ్గయ్యపేటలో నేనే రాగి చెంబు కొనుక్కొచ్చాను. సాయంత్రం అందులో నీళ్ళు పోసి ఉంచడం, పొద్దున్నే పరగడుపున తాగించడం. వాంతొస్తోంది వదినా అని పిల్ల మొహం తిప్పుకుంటే గడ్డం పట్టుకుని మరీ పోశాను. ఈ ఇంట్లోంచి ఇంకో శవపెట్టె లేవకూడదని నా పంతం. నాకు భయమేస్తే ఏడుపు రాదు, పంతం వస్తుంది.

ఆదెమ్మత్తకి ఒక కోపం ఉంది, ఇన్నేళ్ళయినా చల్లారలేదు. నెహెమ్యాకి వణుకు మొదలైన కొత్తల్లో, జగ్గయ్యపేట గవర్నమెంటు ఆసుపత్రి ఆవరణలో హైదరాబాదు నుంచి పరిశోధన చేసేవాళ్ళు ఒక ఆదివారం క్యాంపు పెట్టారట. అంతుబట్టని వణుకులూ లివరు జబ్బులూ ఉన్నవాళ్ళ దగ్గర రక్తం తీసుకుని, పరీక్షలు చేసి కబురు చేస్తామన్నారట. రక్తం పట్టుకుపోయినవాళ్ళు మళ్ళీ మొహం చూపించలేదని ఆమె తిట్టని నెల లేదు. జనవరిలో జెరూషా మెట్టు దిగుతూ పడి నుదురు చీరుకుంది. కట్టు కట్టించుకొచ్చాక ఆదెమ్మత్త మళ్ళీ ఆ మాటే అంది. ఎన్నోసార్లు విన్నదే, ఈసారి నాకు చురుక్కుమంది. రక్తం తీసుకున్నవాళ్ళ దగ్గర ఏదో ఒక కాగితం ఉండాలి. అన్నకి ఏం జబ్బో తెలిస్తే చెల్లెలికి ఏం చేయాలో తెలుస్తుంది. అప్పటికప్పుడు ఆటో ఎక్కి జగ్గయ్యపేట వెళ్ళాను.

అక్కడ ల్యాబులో పనిచేసే భవానీప్రసాద్ గారికి ఆ క్యాంపు గుర్తుంది. కుర్చీలు సరిపోకపోతే పక్క బడి నుంచి బెంచీలు మోయించింది తనేనని చెప్పారు. పాత డైరీ వెతికి, ఆ పరిశోధన చూసుకున్న వరప్రసాదరావు గారి నంబరు ఇచ్చారు. వరండాలో నిలబడే ఫోను చేశాను. నెహెమ్యా, పెనుగంచిప్రోలు అని చెప్పాను. ఆయన కంప్యూటర్లో వెతికారు.

"ఆ పేరుతో ఎవరూ లేరమ్మా," అన్నారు.

నాకు ఒళ్ళు తెలియలేదు. మనుషుల రక్తం పట్టుకుపోయి, బతికారో చచ్చారో పట్టించుకోకుండా, ఇప్పుడు లేరంటే సరిపోతుందా అని వరండా అంతా వినబడేలా దులిపేశాను. లేరనడానికి నోరెలా వచ్చిందని కూడా అన్నాను. ఆయన ఫోను పెట్టేయలేదు. అంతా విని, ఆధార్‌లో పేరేమిటమ్మా అని నెమ్మదిగా అడిగారు. నాకు తెలియదు. మూడున్నరేళ్ళుగా ఆ ఇంటి కోడలిని, పోయిన మరిది రికార్డు పేరు ఏనాడూ అడగలేదు. ఆదెమ్మత్తకి ఫోను చేశాను. వీరభద్రరావు అంది. ఆ పేరు వినగానే ఎక్కడో విన్నట్టే అనిపించింది గానీ, పట్టించుకునే తీరిక లేదు. మామగారు రికార్డుల్లో పుల్లయ్య అని జెరూషా కాలేజీ కాగితాల్లో చూసి ఉన్నాను. రెండు పేర్లూ ఆయనకి చెప్పాను.

ఈసారి వెంటనే దొరికింది. జబ్బు అప్పుడే తేలిందమ్మా అన్నారు. ఇచ్చిన నంబరుకి ఎన్నిసార్లు చేసినా పలకలేదట. ఎలా పలుకుతుంది? నెహెమ్యా వణికే చేతిలోంచి ఆ ఫోను మున్నేట్లో పడిపోయిందని ఆదెమ్మత్త ఎన్నోసార్లు చెప్పింది. అందుకని రిజిస్టరు ఉత్తరం రాశారట, అది తిరిగొచ్చిందట. ఉత్తరాన్నీ కవరునీ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపారు.

ముందు కవరు తెరిచాను. కె. వీరభద్రరావు, తండ్రి పుల్లయ్య, చర్చి వీధి, పెనుగంచిప్రోలు. దాని మీద అడ్డంగా ఎర్ర సిరాతో రాసి ఉంది: ఆ పేరు గలవారు లేరు. కింద తేదీ, ఆగస్టు తొమ్మిది.

అప్పటికి నేను కాపురానికొచ్చి పద్దెనిమిది రోజులు. అత్తా దేవరాజూ నెహెమ్యాని తీసుకుని బెజవాడ ఆసుపత్రిలో ఉన్నారు. జెరూషా బడికి పోయింది. పారాణి ఆరకముందే ఇంటికి కాపలా పెట్టిపోయారని నాకు మంటగా ఉంది. వాకిట్లో అన్నం గిన్నె తోముతుంటే ఒక పోస్టతను సైకిలు ఆపి, వీరభద్రరావు గారి ఇల్లు ఇదేనా అన్నాడు. అతనూ ఊరికి కొత్తే. అలాంటివాళ్ళు ఇక్కడ లేరన్నాను. పుల్లయ్య గారి అబ్బాయండీ అని మళ్ళీ అడిగాడు.

"పుల్లయ్యా లేడు, ఎల్లయ్యా లేడు, వెళ్ళవయ్యా," అన్నాను. తల కూడా ఎత్తలేదు.

నెహెమ్యా ఆగస్టు ఇరవైన పోయాడు.

ఒక్క పేరున్న మనిషినైతే తెలియక అన్నానని సర్దుకుందును. నాకూ రెండు పేర్లే. పక్కింటివాళ్ళని అడుగు బాబూ అన్నా సరిపోయేది. వరండా గోడకి చేరగిలబడి వరప్రసాదరావు గారికి మళ్ళీ ఫోను చేశాను. జెరూషా సంగతంతా చెప్పాను. ఆ ఉత్తరం అప్పుడు అంది ఉంటే బతికేవాడా అని అడిగాను.

"చెప్పలేనమ్మా. ఆ అమ్మాయిని మాత్రం గురువారం హైదరాబాదు తీసుకొచ్చేయండి, ఇంక ఆలస్యం వద్దు," అన్నారు.

ఇంటికొచ్చి అందరినీ కూర్చోబెట్టి ఉత్తరం చదివాను. జబ్బు పేరు విల్సన్. తిండిలో ఉండే రాగి ఒంట్లోంచి బయటికి పోకుండా లివర్లోనూ మెదడులోనూ పేరుకుపోతుంది. మేనరికాలు చేసుకున్న ఇళ్ళలో ఎక్కువ కనబడుతుంది. మా అత్తామామలది మేనరికమే. మందు ఉంది, బతికినన్నాళ్ళూ వాడాలి. ఏ బాధా లేకపోయినా సరే, తోబుట్టువులందరికీ వెంటనే పరీక్ష చేయించాలి. ఆ మాట కింద గీత గీసి ఉంది. చివర, రాగి పాత్రల్లో నీళ్ళు తాగకూడదని రాశారు.

అక్కడ చదవడం ఆపేశాను. పొయ్యి గట్టు మీద చెంబు మెరుస్తోంది, పొద్దున్నే చింతపండు పెట్టి తోమాను. జెరూషా చెంబు వైపు చూసింది, నా వైపు చూసింది. ఏదైనా అందామన్నా ఆ పిల్లకి నాలుక తిరగడం లేదు. నేను ఆ చూపు తట్టుకోలేకపోయాను.

దేవరాజ్ లేచి చొక్కా వేసుకున్నాడు. ఆ పోస్టువాడెవడో తేల్చుకొస్తానన్నాడు. అత్త కూడా వాణ్ణే శాపనార్థాలు పెడుతోంది. నేను ఊరుకుంటే ఆ పాపం అతని ఖాతాలోనే పోయేది. అనకూడని చోటల్లా అన్న నోరు నాది. ఇప్పుడు మూసుకుందామంటే నా వల్ల కాలేదు.

"అతని తప్పేం లేదు. నన్నడిగాడు. లేరని నేనే చెప్పా," అన్నాను.

దేవరాజ్ చొక్కా గుండీ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆదెమ్మత్త తిట్టలేదు, కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండును. నా మొహంలోకి చూసింది.

"నా కొడుకు బతికుండగానే లేడని చెప్పావా అమ్మా?" అంది.

ఆ తర్వాత నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. నేను వండింది తింది, నేను తోడిన నీళ్ళు పోసుకుంది, అంతే. చెంబుని దేవరాజ్ ఎక్కడ పారేశాడో నేను అడగలేదు.

గురువారం హైదరాబాదు ఆసుపత్రిలో హాలు నిండా జనం. జెరూషాని మధ్యలో కూర్చోబెట్టుకుని చెరో పక్కా కూర్చున్నాం. దేవరాజ్ తన పరీక్షకి రక్తం ఇవ్వడానికి పైఅంతస్తుకి వెళ్ళాడు. మందు మొదలుపెట్టాక చేయి కుదుటపడుతుందో లేదో, పోయిన మాట ఎంత తిరిగొస్తుందో ఇప్పుడే చెప్పలేమన్నారు. మొదట్లో కొందరికి వణుకు ఇంకా పెరుగుతుందట. ఎంత ఆలస్యమైతే అంత కష్టమని ఒక నర్సమ్మ అంది. ఆలస్యం ఎంతయిందో ఆ హాల్లో నాకంటే బాగా ఎవరికీ తెలియదు.

తలుపు దగ్గర అటెండరు కాగితం చూసి కె. తిరుపతమ్మ అని పిలిచాడు. ఎవరూ లేవలేదు. జెరూషా నోరు తెరిచింది గానీ మాట పెగల్లేదు. లేవబోతే కాళ్ళు కుదరలేదు. నేనేమో ఆగస్టు తొమ్మిదిలో ఉన్నాను. రెండోసారి పిలిచి, లేరా అంటూ అతను పెన్ను కాగితం మీద ఆనించాడు.

లేరా అన్న ఆ ఒక్క మాట నాకు వినబడింది.

"ఉంది," అంటూ లేచాను. హాలంతా నా వైపు తిరిగింది. "ఉందండీ. తిరుపతమ్మన్నా జెరూషా అన్నా ఈ పిల్లే. రెండు పేర్లూ రాసుకోండి. కొట్టేయకండి."

అతను పెన్ను తీసి, రమ్మని చేయి ఊపాడు. ఆదెమ్మత్త ఫైలు చంకలో పెట్టుకుని, ఒక పక్క జెరూషా చేయి పట్టుకుని లేపింది. నా వైపు చూడలేదు. పిల్ల రెండో చేయి మాత్రం నాకు వదిలింది. దాన్ని పట్టుకున్నాను, నా చేతిలో అది వణుకుతూనే ఉంది.