అరవై మూడు వరండాలు

ఆ పొద్దున ఆకాశం పిండి జల్లించినట్టు తెల్లగా, బాగా కిందికి దిగి ఉంది. వాన కురవాలో మంచు కురవాలో తేల్చుకోలేక ఆగినట్టుంది. మిల్లు వెనక వరిమడుల్లోంచి తెల్ల అడవిబాతులు గుంపులుగా లేచి ఇంటి కప్పు మీదుగా అరుస్తూ పోయాయి.

నేను నెవా ప్యాంటు ఇస్త్రీ చేస్తున్నాను. ఖాకీ ప్యాంటు. మడత గీత మోకాలి దగ్గర వంకర పోతే బడిలో ఒక తప్పు రాస్తారు. మూడు తప్పులకి మధ్యాహ్నం ఆట ఉండదు. అందుకని గీత దగ్గర నీళ్ళు చిలకరించి రెండుసార్లు రుద్దుతాను.

"నా చొక్కా అయిందా?" అన్నాడు రాయ్స్ కాఫీ తాగుతూ. వడ్ల మిల్లులో తొమ్మిది గంటలకల్లా ఊకతో నిండిపోయే చొక్కా అది. దానికి ఇస్త్రీ ఎందుకని పెళ్ళయిన కొత్తలో ఒకసారి అడిగాను. "మా అమ్మ చేసేది" అన్నాడు. ఆ అమ్మ ఇప్పుడు కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉంది. "నలుగురు పిల్లల్ని పెంచుతూ, క్యాట్‌ఫిష్ ఫ్యాక్టరీలో చేపలు కోస్తూ చేశాను. ఆఫీసులో కుర్చీలో కూర్చుని కాదు" అంటుంది అత్తమ్మ, ఎవరూ అడగకపోయినా.

"అమ్మా, కడుపు నొప్పిగా ఉంది." నెవా నా పక్కనే నిలబడి ఉంది, ప్యాంటు కోసం.

"రొట్టెముక్క తిను, పోతుంది."

తలెత్తి చూడలేదు. ఇస్త్రీపెట్టె వైపే చూస్తున్నాను. ఆ పొద్దున గురించి నాకు బాగా గుర్తున్నది ఇదే.

నా పని బడికి పిల్లల్ని తేవడం. తెచ్చినవాళ్ళు పోకుండా చూడటం. చార్టర్ బడి నడిచేది ప్రభుత్వ సొమ్ముతోనే. కానీ ఊరి బడికి వచ్చినట్టు పిల్లలు వాళ్ళంతట వాళ్ళే దానికి రారు. ఇల్లిల్లూ తిరిగి తెచ్చుకోవాలి. నాలుగేళ్ళుగా శనివారాలు నేను ఈ ఊళ్ళో వరండాలు ఎక్కుతున్నాను. శనివారానికి జీతం లేదు. "ఊరికి సేవ అనుకోండి డెల్ఫీన్ గారూ" అన్నారు డైరెక్టర్ విట్లాక్ గారు, వచ్చిన మొదటి ఏడే. ఆయనది మా ఊరు కాదు. చదువుకున్నవాడు, నెమ్మదస్తుడు, చెయ్యి ఊపుతూ మాట్లాడతాడు. కిందటి వేసవిలో పిల్లలు నిలవడానికి ఏమేం చేయాలో ముప్ఫై పేజీలు నేను వంటింటి బల్ల దగ్గర కూర్చుని రాశాను. బోర్డు మీటింగులో ఆయన దాన్ని చదివారు. అట్ట మీద ఆయన పేరుంది. "మా డెల్ఫీన్ గారికి వరండాలన్నీ తెలుసు" అన్నారు నావైపు చెయ్యి చూపించి. అప్పుడు నా చేతిలో కాఫీ కెటిల్ ఉంది.

వరండాలు నిజంగానే తెలుసు. ఏ ఇంటి మెట్టు విరిగిందో, ఏ కుక్క కరుస్తుందో, ఎవరిని ముందు పలకరించాలో. మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉండే ఓరా పెద్దమ్మ మనవరాలిని పెంచుతోంది. ఆవిడ రెండేళ్ళు లొంగలేదు. "ఆ బడి సంగతి నాకు చెప్పకమ్మా. పిల్లలు హాల్లో నోరు మూసుకుని గీత మీద నడవాలంట. గీత మీద నడవడానికి బడెందుకు, జైలుంది కదా" అనేది. ఆఖరికి నేను అందరికీ చెప్పే మాటే ఆవిడకీ చెప్పాను: "నా కూతురు అక్కడే చదువుతోంది పెద్దమ్మా. పొద్దున్నే లేచి నాకంటే ముందు కారు దగ్గరికి పరుగెత్తుతుంది." ఆవిడ నావైపు చాలాసేపు చూసింది. "నీ కూతుర్నే పెట్టావంటే సరేలే" అని సంతకం పెట్టింది. ఆ మాటతో అరవై మూడు ఇళ్ళు సంతకం పెట్టాయి. మాటతో పాటు ఒక కార్డు ఇచ్చేదాన్ని. దాని మీద నెవా ఫొటో, పదేళ్ళప్పటిది. కోరపన్ను ఊడిన నోటితో నవ్వుతోంది. ఆ ఫొటో ఎంచింది నేనే.

ఫిబ్రవరిలో 'మళ్ళీ వస్తాం' అనే ఫారం పంపుతాం. వచ్చే ఏడు కూడా పిల్ల ఇక్కడే చదువుతుందని ఇంటివాళ్ళు సంతకం పెట్టాలి. నలుగురికీ ధైర్యంగా ఉంటుందని స్టాఫ్ పిల్లల ఫారాలు ముందే తెచ్చి గుమ్మంలో బోర్డుకి గుచ్చుతారు. నెవాది ఏటా మొదటి రోజే గుచ్చేదాన్ని, ఈ ఏడు కూడా. నెవాని అడగలేదు. అడగాలని తోచలేదు.

ఆ శుక్రవారం లిస్టు తీయాల్సిన రోజు. ఎవరు పోబోతున్నారో ముందే కనిపెట్టే లిస్టు అది. దాని లెక్క నేను పట్టిందే. ఎన్ని రోజులు రాలేదు, ఎన్ని తప్పులు పడ్డాయి, నర్సు గదికి ఎన్నిసార్లు వెళ్ళింది. ఈ మూడూ కలిపి చూస్తే పోయే పిల్ల మూడు నెలల ముందే కనబడుతుంది. నర్సు గది ముఖ్యం. ఇంట్లో చెప్పుకోలేని పిల్ల నర్సుకి కడుపు నొప్పి అని చెబుతుంది. ఇది ఎవరూ నాకు నేర్పలేదు. ఫోన్లు చేసి చేసి తెలుసుకున్నాను.

కంప్యూటర్ పదకొండు పేర్లు ఎర్రగా చూపించింది. నాలుగో పేరు టాలివర్, నెవా.

వేరే నెవా ఎవరైనా ఉన్నారా అనుకున్నాను. టాలివర్లు ఈ ఊళ్ళో మేమే. తప్పులు ఇరవై రెండు. నర్సు గది, ఆగస్టు నుంచి పంతొమ్మిది సార్లు.

విట్లాక్ గారు నా కుర్చీ వెనక నిలబడి చూస్తున్నారు. ఆయనా చదివారు. నవ్వారు.

"అది తీసేయండి. స్టాఫ్ పిల్లల్ని లెక్కలో వేయక్కర్లేదు. మీ అమ్మాయి ఎక్కడికి పోతుంది చెప్పండి?"

పెళ్ళయిన ఆరో ఏట నేను మా అక్క దగ్గరికి మెంఫిస్ పోతానని పెట్టె సర్దాను. రాయ్స్ మంచం మీద కూర్చుని బూట్లు విప్పుకుంటూ అన్నాడు, కోపంగా కూడా కాదు, "నువ్వెక్కడికి పోతావులే" అని. పెట్టె నేనే విప్పి బట్టలు బీరువాలో పెట్టాను. ఆ మాట తర్వాత ఇంట్లో వేళాకోళమైంది. కూర మాడితే, కారు ఆలస్యమైతే, నేను అలిగితే, "ఎక్కడికి పోతుందిలే". అత్తమ్మ కూడా అంటుంది. ఒకసారి నెవా కూడా అంది, చిన్నప్పుడు, అందరూ నవ్వుతుంటే.

నెవా పేరు మీద వేలు పెట్టి తీసేశాను.

"పది" అన్నారు విట్లాక్ గారు. "కిందటేడు కంటే నయం. బాగా చేస్తున్నారు."

ఆయన వెళ్ళాక నర్సు గదికి నడిచాను. నా గదికీ దానికీ మధ్య హాలు. ముప్ఫై అడుగులుంటుంది. నేల మీద పసుపు టేపు గీత. నర్సు హెట్టీ నా ఈడుదే, చర్చిలో నా పక్కనే కూర్చుంటుంది.

"హెట్టీ, మా నెవా ఇక్కడికి వస్తోందా?"

"అదేంటి, తెలియనట్టు అడుగుతావు?"

"పంతొమ్మిది సార్లు వచ్చిందట."

"ఆ మూల మంచం మీద పడుకుంటుంది. గోడవైపు తిరిగి. ఏం మాట్లాడదు, పాపం. పావుగంట పడుకుని లేచిపోతుంది."

"మూడుసార్లు వస్తే ఇంటికి ఫోన్ చేయాలి కదా. ఆ రూలు నేనే రాశాను."

హెట్టీ చేతిలో దుప్పటి మడుస్తూ ఆగిపోయింది. "ఇల్లంటే నువ్వే కదే" అంది. "నువ్వు హాలు అవతలే ఉన్నావు. నీకు తెలియదని ఎలా అనుకుంటాను? నీకు నేను ఫోన్ చేయడమేంటి?"

ఆ మంచం మీద కూర్చున్నాను. దిండు మీద తల పెట్టిన చోట గుంట ఉంది. అది నెవాదో ఎవరిదో.

సాయంత్రం నెవాని కారెక్కించుకుని ఇంటికి పోలేదు. మిల్లు దాటి, వరిమడుల గట్టు పక్కన ఆపాను. బాతులు నీళ్ళలో దిగి ఉన్నాయి, వేలకు వేలు, పొలమంతా తెల్లగా.

పదమూడేళ్ళ కూతురితో మాట మొదలుపెట్టడం నాకు రాలేదు. పరాయి పిల్లల తల్లులతో వచ్చు. సంచిలో ఫారం ఉంది. పిల్ల బడి మానేసినప్పుడు మేం అడిగే ప్రశ్నలు. తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

"మానేయాలని ఎన్నాళ్ళ నుంచి అనుకుంటున్నారు?" అని చదివాను. ఫారంలో 'మీరు' అనే ఉంటుంది. మార్చడం తోచలేదు.

నెవా నావైపు చూసింది. నేను ఆట పట్టించడం లేదని తెలుసుకుంది. "ఆరో తరగతి నుంచి" అంది.

రెండేళ్ళు.

"కారణం?"

"కార్డు."

"ఏ కార్డు?"

"నాది. నన్ను పేరు పెట్టి ఎవరూ పిలవరు. కార్డుపిల్ల అంటారు. తప్పు పడితే టీచరు, 'కార్డు మీద అమ్మాయివే ఇలా ఉంటే ఎలా' అంటుంది. అందరూ నవ్వుతారు. ఓరా అమ్మమ్మ మనవరాలు నాతో అన్నం తినదు. 'మీ అమ్మ వచ్చి నిన్ను చూపించబట్టే మా నానమ్మ నన్నిక్కడ పడేసింది' అంది. ఒక్కతే కాదు. చాలామంది." గోరుతో సీటు కుట్టు గీకుతోంది. "వాళ్ళు చెప్పింది నిజమే కదమ్మా."

బాతులు ఏదో విని ఒక్కసారి లేచి, మళ్ళీ అక్కడే దిగాయి.

"ఈ సంగతి ఎవరికైనా చెప్పారా?"

"నర్సమ్మ దగ్గరికి పోయాను. చెప్పలేదు. పడుకున్నాను."

ఆఖరి ప్రశ్న ఒకటుంది. దాన్ని ఫోన్లో నేను రెండొందల మందిని అడిగి ఉంటాను. జవాబు చెప్పేలోపే పెన్ను మూత పెట్టేదాన్ని.

"మేము ఏం చేసి ఉంటే మీరు ఉండేవారు?"

అద్దం మీద ఊపిరి ఆవిరి పట్టింది.

"పరుగెత్తుకుంటూ పోతానని చెప్పేదానివి కదా అందరికీ. నేను నీ పక్కనే ఉండేదాన్ని, కార్డులు పట్టుకుని. మొదట నిజమే అమ్మా. నిజంగానే పరుగెత్తేదాన్ని. తర్వాత నాకు ఇష్టం లేకపోయినా పరుగెత్తాను. నీ మాట అబద్ధం కాకూడదని."

ఆ పొద్దున కూడా పరుగెత్తింది. కడుపు పట్టుకుని. నేను వెనక నుంచి, "జడ ఊడుతుంది, నెమ్మది" అన్నాను.

కారు తిప్పి మళ్ళీ బడికి పోయాను. తాళం నా దగ్గర ఉంటుంది, ఆఖరున మూసేది నేనే కాబట్టి. బోర్డు మీద మొదట గుచ్చిన నెవా ఫారం పీకేశాను. గుండుసూది కింద పడింది, వెతకలేదు. మానేసే ఫారం మీద సంతకం పెట్టి విట్లాక్ గారి బల్ల మీద పెట్టాను. లిస్టులో తీసేసిన పేరు చేత్తో రాసి పదకొండు చేశాను. నెవా గుమ్మంలో నిలబడి చూస్తోంది. "రావేం?" అన్నాను. పసుపు గీత మీదే నడిచి వచ్చింది. బడిలో ఎవరూ లేరు, అయినా.

ఇంటికి వచ్చేసరికి ఆలస్యమైంది. శుక్రవారం చేపలు వేయించాలి. నూనె పెట్టి, చేపముక్కలు మొక్కజొన్న పిండిలో దొర్లిస్తూ చెప్పాను. "నెవా సోమవారం నుంచి ఊరి బడికి పోతుంది."

రాయ్స్ బూట్లు విప్పుకుంటున్నాడు. "నీ కూతుర్నే తీసేస్తే నిన్నక్కడ ఉంచుతారా?"

"ఉంచరేమో."

"మతి పోయిందా నీకు? పిల్ల ఏదో అంటే..."

"ఊళ్ళో వాళ్ళు ఏమంటారు?" అంది అత్తమ్మ. "ఇంటింటికీ తిరిగి అందర్నీ అందులో దింపి, నీ పిల్లని మాత్రం పైకి లాక్కున్నావంటారు."

ఆవిడ జీవితంలో నాతో అన్నవాటిలో పూర్తిగా నిజమైన మాట ఇదొక్కటే.

"అంటారు" అన్నాను. "రేపు శనివారం. ఓరా పెద్దమ్మ వరండా నుంచి మొదలుపెడతాను. అరవై మూడూ మళ్ళీ ఎక్కి, ఎందుకు తీసేశానో చెబుతాను."

రాయ్స్ నోరు తెరిచాడు. 'ఎక్కడికి' అనే మాట అతని పెదవుల దాకా వచ్చిందని తెలుసు. నెవా తండ్రివైపు చూసింది. అతను ఆ మాట అనలేదు.

చేపలు, కాలర్డ్ ఆకుకూర, మొక్కజొన్న రొట్టె బల్ల మీద పెట్టాను. ఎప్పుడూ అందరూ తిన్నాక నిలబడి తినేదాన్ని. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. అత్తమ్మ కారం సీసా కోసం పొయ్యివైపు చూసింది, తర్వాత నావైపు చూసింది. నేను లేవలేదు. కాసేపాగి రాయ్స్ లేచి తెచ్చాడు.

ఫ్రిజ్ తలుపు మీద కార్డు ఉంది, పన్ను ఊడిన నవ్వుతో. దీన్ని తీసేయగలను. అరవై మూడు ఇళ్ళలో అలాగే నవ్వుతూ ఉంటుంది, నేను ఆ ఇళ్ళకి వెళ్ళేదాకా. నెవా ముల్లు తీసి కంచం అంచున పెట్టింది. ఒక ముక్క తిన్నది. కడుపు మీద చెయ్యి పెట్టుకుని కాసేపు ఆగింది. ఇంకో ముక్క అందుకుంది. నా కంచంలో చేప చల్లారిపోయింది. అయినా తిన్నాను, నెవా తింటున్నంతసేపూ.