సూర్యలంకలో ఇంటర్న్‌షిప్

"మీ మేడంకి ఫోన్ చేశాను. నువ్వు రావట్లేదని చెప్పేశాను," అన్నాడు మా ఆయన చైతన్యకృష్ణ, పప్పన్నంలో నెయ్యి కలుపుకుంటూ.

నా చేతిలో గరిటె ఆగిపోయింది. ఆయన కంచంలో కూర అయిపోవటం చూసి మళ్ళీ కదిలింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో చేతికి అంత అలవాటైపోయింది. మనసు ఎక్కడున్నా వడ్డన జరిగిపోతుంది.

గుంటూరు దగ్గర యూనివర్సిటీలో టూరిజం మేనేజ్‌మెంట్ పీజీ చదువుతున్నాను. తెల్లారేసరికి వంట ముగించి పర్చూరులో బస్సెక్కేదాన్ని. చివరి సెమిస్టర్‌లో రెండు నెలలు ఏదైనా రిసార్ట్‌లో ఉండి పనిచెయ్యాలి, లేకపోతే పట్టా రాదు. నాకు బాపట్ల దగ్గర సూర్యలంక బీచ్‌లోని రిసార్ట్‌లో వచ్చింది. మర్నాడు ఉదయమే చేరాలి. మాకు మిరపకోతలూ అప్పుడే పడ్డాయి.

"చదువుకోమన్నది మీరే కదండీ?"

"చదువుకోమన్నాను. హోటల్లో నిలబడి వచ్చేపోయేవాళ్ళకి నమస్కారాలు పెట్టమన్నానా? చేలో కూలీలకి అన్నాలెవరు పంపుతారు?"

అత్తయ్య వాకిట్లోంచే అందుకుంది. "పరాయి మగాళ్ళ ముందు నవ్వుతూ నిలబడే ఉద్యోగమంట! మన ఇళ్ళల్లో ఉందా ఎక్కడన్నా?"

మరి ఈ ఇంట్లో నేను చేసేదేమిటి? మిరపకాయలు కొనే బేరగాళ్ళు వేళగాని వేళ దిగినా, వాళ్ళకి మంచినీళ్ళిచ్చి, నవ్వుమొహంతో భోజనం పెట్టేది నేనేగా. అప్పుడు "మా ఆవిడ మర్యాదల్లో లోటు చెయ్యదు" అని ఆయన గర్వంగా చెప్పుకుంటాడు. అదే మర్యాద నేను చదువుకుని, నా పేరుతో బయట చేస్తే పరువు పోతుందట. కోపం వచ్చింది కానీ దానికంటే భయం ఎక్కువ వేసింది. ఇంకాసేపు ఇలాగే ఊరుకుంటే, ఆయన చేసింది నాకే సబబుగా అనిపిస్తుందేమో!

పెరుగు వడ్డించి, ఆయన ఎదురుగానే యూనివర్సిటీలో మా ఇంటర్న్‌షిప్‌లు చూసే ఫెబా మేడంకి ఫోన్ చేశాను.

"మేడం, భవ్యని. రేపు చేరుతున్నాను."

"మరి మీ ఆయన..."

"నా సంగతి నేను చెప్తున్నాను మేడం."

"సరేనమ్మా. ఉదయాన్నే అక్కడుండు."

ఆయన కంచంలోనే చెయ్యి కడిగేసి లేచాడు. "వెళ్తే అటే పో!"

మర్నాడు బాపట్ల బస్సెక్కాను. సాగనంపటానికి గుమ్మంలోకి ఎవరూ రాలేదు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, నేను రిసెప్షన్ కౌంటర్‌లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఆయన లోపలికొచ్చాడు. నా యూనిఫాం చీరనీ, దానిమీద నా పేరు బిళ్ళనీ చూశాడు.

"బట్టలు సర్దుకో. పద ఇంటికి!"

ఆ గొంతుకి సోఫాలో కూర్చున్నవాళ్ళంతా తలతిప్పారు. అలవాటు ప్రకారం నా కాళ్ళు కౌంటర్ బయటికి కదిలాయి కూడా. అంతలో సోఫాలోంచి ఒక పెద్దావిడ లేచొచ్చింది.

"అమ్మాయ్, మా గది తాళం ఇస్తావా?"

తిరిగి లోపలికెళ్ళి తాళం తీసిచ్చాను. తర్వాత ఆయన వైపు తిరిగాను.

"నా డ్యూటీ ఆరింటిదాకా ఉందండి. అప్పుడు మాట్లాడుకుందాం. ఇంటికి మాత్రం ఇంటర్న్‌షిప్ అయ్యాకే వస్తాను."

ఆయన చుట్టూ చూశాడు. అరవటానికి అది మా వంటిల్లు కాదు. మెల్లగా వెళ్ళి గోడ పక్క కుర్చీలో కూర్చున్నాడు.

నా పని అయ్యేదాకా ఆయన ఆగటం అదే మొదటిసారి.