ఇద్దరికీ ఒకటే పొయ్యి

అజ్లూన్ కొండల్లో ఆలివ్ కోతలు ముగిసి గానుగలు ఆగగానే రస్మియా, ఫిద్దా పనిలోకి దిగేవారు. గానుగలో మిగిలిన పిప్పిని బస్తాలకెత్తి తెచ్చి, డాబా మీద తడిపి, తొక్కి, పిడకలు చేసి ఆరబెట్టేవారు. డీజిల్ కొని ఇల్లు వెచ్చబెట్టుకునే స్తోమత ఇద్దరికీ లేదు. అందుకే కోడళ్లుగా ఈ వీధికి వచ్చిన కొత్తలోనే ఒక ఒప్పందానికి వచ్చారు. చలికాలమంతా రెండిళ్లకీ ఒకటే పొయ్యి. ఒక వారం వీళ్లింట్లో, ఒక వారం వాళ్లింట్లో. అందరూ ఆ గదిలోనే తిని, పిల్లల్ని అక్కడే చదివించి, నిద్రవేళకు ఎవరింటికి వాళ్లు వెళ్లేవారు. సగం పిడకలతోనే చలి గట్టెక్కేది.

రస్మియా ఇంటి కప్పు కారుతుంది కాబట్టి పిడకలన్నీ ఫిద్దా ఇంటి కొట్టుగదిలో పేర్చేవారు. తాళంచెవి ఫిద్దా దగ్గరే. రెండో చెవి చేయించుకోవాలని రస్మియాకు ఏనాడూ తోచలేదు.

ఆ ఏడు మంచు పడబోతోందని రేడియోలో చెప్పగానే రస్మియా ఖాళీ గోనెతో ఫిద్దా ఇంటికి వెళ్లింది. ఫిద్దా గుమ్మం దాటి లోపలికి రమ్మనలేదు.

“చెవి మా ఆయన జేబులో ఉండిపోయిందే. ఇర్బిద్ వెళ్లాడు.”

“సరే, రేపొస్తాలే.”

మర్నాడు చెవి ఎక్కడో పడిపోయిందంది.

ఇంట్లో అత్తగారు సురయ్యా దుప్పట్లో ముడుచుకుని సణుగుతోంది. “ఏమే, నన్ను బతికుండగానే మంచులో పాతిపెడతారా?”

“రేపు తెరుస్తుందిలే అత్తయ్యా.”

“రేపటిదాకా ఆగుతాయా అని నా మోకాళ్లనడుగు.”

చేసేదిలేక రస్మియా ఊరి చివరి కోళ్లఫారానికి బయల్దేరింది. దాని యజమాని అబూ గాలిబ్ కోడిపిల్లల షెడ్లను పిప్పితోనే వెచ్చబెడతాడు. ఒక గోనెడు బదులు అడుగుదామనుకుంది. షెడ్డు గోడవారన పేర్చి ఉన్న పిడకలు చూసి ఆగిపోయింది. ఒక్కోదాని మధ్యలో బొటనవేలితో నొక్కిన గుంట. లోపలిదాకా ఆరాలని అలా నొక్కేది ఊళ్లో తనొక్కతే.

“ఇవెక్కడివి అన్నా?”

“మీవేగా! ఫిద్దా అమ్మింది. ఇద్దరూ గ్యాస్‌కి మారుతున్నారటగా. మసి బాధ తప్పింది మీకు.” అతను ఆమె ముఖం చూశాడు. “ఏం, నీకు తెలీదా?”

“తెలుసు,” అంది రస్మియా. ఎందుకలా అందో ఆమెకే అర్థం కాలేదు. ఫిద్దాను నలుగురిలో వెనకేసుకురావడం అలవాటైన నోరది.

తన పిడకలనే తను బదులడిగి, వీపున వేసుకుని ఇంట్లో దించి, నేరుగా ఫిద్దా ఇంటికి నడిచింది. ముందు గదిలో కొత్త గ్యాస్ హీటర్ ఎర్రగా మండుతోంది. కింద కొత్త తివాచీ.

“రావే, కూర్చో. నేనే పిలుద్దామనుకుంటున్నా,” అంది ఫిద్దా తడబడుతూ. “ఈ చలికాలమంతా ఇక్కడే ఉందాం. అత్తయ్యనీ తీసుకురా.”

“పిడకలేవి?”

ఫిద్దా తల దించుకుంది. “మావాడికి సంబంధం వచ్చింది. అమ్మాన్ పట్నం వాళ్లు. ఇంటికొస్తున్నారు. మన ఇళ్లూ బట్టలూ అన్నీ ఒకటే గానుగ కంపు...”

“నీవి అమ్ముకో. నావెందుకు అమ్మావ్?”

“నావి మాత్రమే అమ్మితే హీటర్‌కి చాల్లేదు. అయినా నిన్ను చలికి వదిలేస్తానా? రోజూ వచ్చి కూర్చోవే, ఎవరొద్దన్నారు?”

“చుట్టాన్నా, వచ్చి కూర్చోడానికి? ఇన్నేళ్లూ నా పొయ్యి దగ్గర నేను కూర్చున్నా.” “అడిగితే ఇచ్చేదాన్నే. అది నీకు తెలుసు. తెలిసీ అడగలేదు.”

“అడిగితే, ‘అంటే నా దగ్గరా కంపొస్తోందా’ అని నువ్వంటావని భయమేసింది.”

ఫిద్దా వియ్యాలవారి కంటపడకుండా దాచాలనుకున్నది మసి పొయ్యినొక్కదాన్నే కాదు, రస్మియానూ. రస్మియా చెప్పులు వేసుకుని బయటికొచ్చింది.

ఆ చలికాలం రస్మియా ఇంట్లో రెండు గదులు మూసేశారు. తలుపులకు, కిటికీలకు పాత బొంతలు మేకులతో కొట్టి, అంతా వంటగదిలో చేరారు. కొమ్మలు కొట్టినప్పుడు మిగిలిన ఆలివ్ పుల్లలు, అబూ గాలిబ్ ఇచ్చిన గోనెడూ పొదుపుగా కాల్చారు. ఫిద్దా కూతురితో పిడకల డబ్బు పంపింది. రస్మియా తీసుకుంది. ఆ పిల్లకు టీ ఇచ్చింది, వాళ్లమ్మ ఎలా ఉందని అడగలేదు. అమ్మాన్ వాళ్ల కార్లు వీధిలో ఆగిన రోజున కిటికీ బొంతను కాస్త పక్కకు లాగి చూసింది. అందరికీ పిలుపులు వెళ్లాయి, ఆమెకు తప్ప.

“వెళ్లి నాలుగు దులిపేసి రానా?” అంది అత్తగారు.

“వద్దత్తయ్యా. చలి లోపలికొస్తోంది,” అంటూ బొంత సర్దేసింది.

మరుసటి ఏడు మళ్లీ గానుగలు ఆగాయి. రస్మియా కప్పు బాగు చేయించుకుంది. డాబా మీద ఒక్కతే పిప్పి తొక్కుతుంటే పక్క డాబా మీంచి ఫిద్దా గొంతు వినబడింది.

“నీళ్లెక్కువయ్యాయే రస్మియా. ఆరవు.”

నిజమే. పిప్పి జారుగా వేళ్లకంటుకుంటోంది. ఇంకాస్త పొడిపిప్పి కలిపితే సరిపోయేది. పక్కనే బస్తా ఉంది. రస్మియా తల ఎత్తలేదు. ఆ జారు పిప్పితోనే పిడకలన్నీ చేసేసింది. అవి ఆరడానికి చాలా రోజులు పట్టింది. చాలావరకు విరిగిపోయాయి.